ఇచ్చినదీ ఇవ్వనిదీ

రబ్బరు పట్టీ మోచేతి పైన బిగించి, శోభనాద్రి రెండు వేళ్లతో నరం వెతికాడు. దొరికింది. సూది దించాడు. గాజు గొట్టంలోకి నెత్తురు చిమ్మింది.

"మా ఇంటిల్లిపాది నెత్తురూ బందరు మోసుకుపోతున్నారు. అక్కడేమన్నా పులుసు పెడతారా ఏంటండీ?" అన్నాడు రత్నరాజు, చెయ్యి చాపి కూర్చుని.

శోభనాద్రి నవ్వలేదు. నలభై దాటిన మనిషి. ఎముకల గూడు. అవనిగడ్డ దాటాక ఉన్న ఈ పల్లెలో రత్నరాజు కొడుక్కి రేచీకటి. చీకటి పడితే గోడ కనపడదు. పగటి చూపు కూడా పక్కల నుంచి మూసుకుపోతోంది. అలాంటి ఇళ్లకెళ్లి తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి నెత్తురూ తీసి, బందరులో కంటి ఆసుపత్రికి చేర్చడం శోభనాద్రి ఉద్యోగం.

గొట్టాలు పెట్టెలో సర్ది లేవబోతూ శోభనాద్రి పక్కనే ఉన్న నీళ్ల చెంబు తన్నాడు. నీళ్లు అరుగంతా పారాయి. రత్నరాజు ముందు చెంబు వంక చూశాడు. తర్వాత శోభనాద్రి కళ్లలోకి చూశాడు.

"మావాడూ మొదట్లో ఇట్టాగే తన్నేవాడండీ."

"తొందరలో చూళ్లేదులే," అని పెట్టె భుజాన వేసుకున్నాడు శోభనాద్రి. సూది పట్టేవాడికి చూపు పోతోందని తెలిస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తారు.

మధ్యాహ్నానికి బందరు చేరాడు. ఆసుపత్రి వెనక గదిలో సుభాషిణి మేడం కంప్యూటర్ ముందుంది. ఈ కుటుంబాల లెక్కలన్నీ ఆ డాక్టరమ్మవే. తెర మీద అంకెలు బారులుగా దిగి ఆగిపోయాయి.

"మళ్లీ మొరాయించింది. మేనమామే మొగుడంటే దీనికి ఎక్కట్లేదు. ఒకే మనిషిని రెండుసార్లు రాస్తే గానీ కదలదు. మీ పెళ్లిళ్లకి ఈ ప్రోగ్రాం తల తిరుగుతోందయ్యా!"

శోభనాద్రి తల్లి గంగాదేవి కూడా మేనమామనే చేసుకుంది. ఆయన నడివయసులో చూపు పోయి, ఆవిడ చెయ్యి పట్టుకునే తిరిగి, అలాగే పోయాడు. ఆ పాడు జబ్బు ఆయనతోనే పోయింది, నా బిడ్డలకి రాలేదు అని ఆవిడ కనపడిన వాళ్లందరికీ చెప్పుకునేది. ఇన్నాళ్లూ ఆ మాట మీదే బతికింది. అందుకే కొడుకు తన కళ్ల సంగతి నోరు విప్పి చెప్పలేదు.

కానీ మొన్న సాయంత్రం కూతురు హర్షిణి గుమ్మం తట్టుకుని పడింది. పడ్డ చోటే కూర్చుని, "నాన్నా, లైటెయ్యి," అంది. లైటు వెలుగుతూనే ఉంది.

నెత్తుర్లో లోపం ఎక్కడుందో పట్టుకుంటే పిల్లల్ని ముందే కాచుకోవచ్చని మేడం అంటూ ఉంటుంది. దానికి ఇలాంటి ఇళ్లు చాలడం లేదు.

"ఒక ఇల్లుందండి, గుడ్లవల్లేరులో. తండ్రి లేడు. చూపు బాగున్న అక్క ఉంది. తల్లి ఇవాళో రేపో అన్నట్టుంది."

"అయితే ఇవాళే వెళ్లు. తండ్రి లేకపోతే తోబుట్టువుతో సర్దుకుంటాం. తల్లి కూడా పోతే ఆ ఇల్లు మన లెక్కలో నిలవదు. ఎందుకో చెప్పి మరీ తియ్యి. చెప్పకుండా సూది గుచ్చొద్దు. జబ్బెవరికి?"

"కొడుక్కండి."

ఆవిడ తలెత్తలేదు.

సాయంత్రం బస్సెక్కాడు. పెడన దాటాక రైలు గేటు పడింది. బస్సు ఆగిపోయింది. వరిచేలు అంచుల నుంచి నల్లబడుతున్నాయి. పొద్దు వల్లో, కళ్ల వల్లో తెలియలేదు. గేటు ఎంతకీ లేవలేదు. గుడ్లవల్లేరులో దిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీద ఇంజనీరింగు కుర్రాడి కాలు తొక్కాడు.

"బాబాయ్, అప్పుడే వేసొచ్చావా?"

నవ్వులు. తాగాడనుకోవడమే మేలనిపించింది. ప్రహరీ గోడలు తడుముకుంటూ అక్క ఇల్లు చేరాడు.

"అమ్మ పొద్దుట్నించీ నీ పేరే కలవరిస్తోందిరా," అంది అక్క లక్ష్మీకాంతం. పెట్టె చూసి, "అదేంటి?"

"అమ్మ నెత్తురు కాస్త కావాలి."

"బుద్ధుందా నీకు? గుక్కెడు నీళ్లే దిగట్లేదు. పోయే ముందు సూదా?"

"రానీవే," అంది గంగాదేవి లోపల్నించి.

లో వోల్టేజీ. బల్బులో తీగ ఒక్కటే ఎర్రగా ఉంది. శోభనాద్రి మంచం కోడు తడిమి, పట్టె తడిమి, అంచున కూర్చున్నాడు.

"మీ నాన్న ఇలాగే వచ్చేవాడు, కోడు పట్టుకుని. ఎన్నాళ్లయిందిరా?"

అతను తల దించుకున్నాడు.

"పిల్లకో?"

"ఏమోనమ్మా. పడుతోంది."

గంగాదేవి ఊపిరి ఆగి ఆగి వినపడుతోంది.

"ఈ నెత్తురేం చేస్తారు?"

"కంప్యూటర్లో వేస్తారు. తల్లి నెత్తుర్లో ప్రతి గుణం రెండేసి ఉంటుందంట. బిడ్డకి ఒకటిస్తుంది, ఒకటి ఉండిపోతుంది. ఇచ్చిందీ ఇవ్వందీ రెండూ లెక్కేస్తారు."

"మంచిది దాచుకుని చెడ్డది నీకిచ్చానా?"

"చూసి ఇచ్చేది కాదమ్మా."

ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. "తియ్యి."

నరం కనపడలేదు. చెయ్యే సరిగా కనపడలేదు. ఎండిన చర్మం కింద నరం వేలికి అంది జారిపోతోంది. గంగాదేవి రెండో చేత్తో కొడుకు వేలు పట్టుకుని పక్కకి జరిపింది.

"ఇక్కడ. ఆసుపత్రిలో వాళ్లూ ఇక్కడే గుచ్చారు."

అక్క టార్చి తెచ్చి పట్టుకుంది. నెత్తురు నెమ్మదిగా వచ్చింది. సూది తీసి, దూది పెట్టి, తల్లి చెయ్యి మడిచాడు.

"గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నాలే."

తర్వాత అక్కది తీశాడు. తనదీ తీసుకున్నాడు. గొట్టాల మీద పేర్లు రాయడం అతని వల్ల కాలేదు. లక్ష్మీకాంతం రాసింది.

"మూడోదాని మీద?"

"నా పేరు రాయి. కింద, జబ్బుంది అని రాయి."

రేపు మేడం చదువుతుంది. ఇక సూది చేతికివ్వరు.

రాస్తున్న లక్ష్మీకాంతం కలం ఆపింది. గదిలో అక్కాతమ్ముళ్లిద్దరి ఊపిరే వినపడుతోంది. టార్చి మంచం వైపు తిప్పింది.

ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో గంగాదేవి చేతులు గుండెల మీదికి చేర్చబోయారు. ఎడమ చెయ్యి మడిచింది మడిచినట్టే ఉంది. మెల్లగా విప్పితే, మోచేతి మడతలో దూది ముక్క, మధ్యలో ఇంకా ఆరని ఎర్రచుక్క.