మూతి సొట్టపోని తూటా

ఓమా కిటికీ వెలుతురుకు తిరిగి, ఖాళీ తూటాలో వంచిన తీగ పెట్టి గీరుతోంది. తీగ నునుపుగా జారితే ఇత్తడి ఇంకా గట్టిగా ఉన్నట్టు. అడుగున తట్టుకుంటే పలచబడినట్టు. ఈసారి పేలిస్తే రెండు ముక్కలైపోతుంది. తీగ తట్టుకుంది. ఇంకోసారి గీరింది. మళ్లీ తట్టుకుంది.

మిగిలింది అదొక్కటే. ఆమె భర్త హోబర్ట్ రైఫిలు వాళ్ల నాన్న నాటిది. ఆ సైజు తూటాలు చేయడం ఎప్పుడో మానేశారు. పేల్చినవాటినే ఏరుకొచ్చి, కడిగి, మందూ గుండూ పెట్టి మళ్లీ వాడుకోవాలి. చేత్తో గడియ లాగే తుపాకీ అయితే ఖాళీ తూటాను మర్యాదగా చేతికిస్తుంది. ఇది అలా కాదు, తనే పీకి విసిరికొడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, జింకకు తగిలినా తగలకపోయినా ఇత్తడి మూతికి మాత్రం సొట్ట తప్పదు. ఆకుల్లో పడిందా, ఇక దొరకదు. అందుకే పెళ్లయిన ఏడాది నుంచీ వేటలో ఓమా అతని కుడిపక్కన పాత బొంత పరిచి పట్టుకుని నిలబడేది. బడి వంటగదిలో పళ్లేలు కడిగి ఇంటికొచ్చాక, చలికాలమంతా కూర్చుని ఆ సొట్టలు సరిచేసేది. ఆమె జీవితం గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. బొగ్గుగని దుమ్ము హోబర్ట్ ఊపిరితిత్తులను రాయి చేసింది. వచ్చే ఏడాది వేట చూడడని డాక్టరు ఓమాను పక్కకు పిలిచి చెప్పాడు. "ఒక్క జింకనే, ఓమా. ఒక్కటి కొట్టి పోతాను," అని వేసవి నుంచీ ఒకటే పాట.

"ఏమే, అయిందా? జింకలు మనకోసం కాఫీ తాగుతూ కూర్చుంటాయనుకున్నావా?"

"వస్తున్నానయ్యా! ముందు నీ బూట్లు నువ్వు వేసుకో చూద్దాం, తర్వాత జింకల సంగతి."

నిజం చెబితే ఈ పూటే మంచానికి అతుక్కుపోతాడు. చెప్పకుండా మందు పోసిస్తే, పేల్చగానే ఆ తూటా అతని ముఖం దగ్గరే చీలిపోతుంది. ఓమా మందు పోయలేదు. ఉత్త ఇత్తడికి గుండు బిగించి, గుడ్డతో తుడిచి, తీసుకెళ్లి అతని అరచేతిలో పెట్టింది.

హోబర్ట్ అలవాటు కొద్దీ దాన్ని చెవి దగ్గర ఆడించాడు. మందు ఉంటే లోపల ఆవాలు కదిలినట్టు వినిపిస్తుంది. గని యంత్రాలు ఆ చెవులను ఏనాడో తినేశాయి, అదే ఆమె ధైర్యం. అతను కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

"బాగా చేశావే," అన్నాడు.

ఇంటి వెనక కొండవాలులో కుర్చీ వేసి అతన్ని కూర్చోబెట్టింది. ఆమె బొంత దులుపుతుంటే వెనక రైఫిలు గడియ పడిన చప్పుడైంది. పొద్దు బాగా ఎక్కాక, చెట్ల మధ్య నుంచి కొమ్ముల జింక బయటికొచ్చింది. హోబర్ట్ వణుకుతూనే రైఫిలు ఎత్తాడు. ఓమా బొంత పైకి పట్టి కళ్లు మూసుకుంది. ఉత్త టిక్కుమనే చప్పుడు కోసం, అతని తిట్ల కోసం ఎదురుచూసింది.

ఏ చప్పుడూ రాలేదు. కళ్లు తెరిచేసరికి అతను రైఫిలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"కాల్చలేదేం?"

"పోనీలేవే. దాని దారిన దాన్ని పోనీ. ఆ బొంత దించు, చేతులు నొప్పెడతాయి."

ఆమె అతని మోకాళ్ల మీద బొంత కప్పి, చిక్కుడుగింజల పులుసు తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అతని గడ్డం ఛాతీకి ఆనుకుంది. దగ్గు లేదు. పిలిచింది, భుజం తట్టింది. గిన్నె కింద పెట్టి, చాలాసేపు ఆ గడ్డిలోనే కూర్చుంది.

తర్వాత రైఫిలు తీసి, ఎప్పటిలాగే గడియ లాగి చూసింది. లోపల ఏమీ లేదు. అతను అసలు తూటా పెట్టనే లేదు. అందులో మందు లేదని ముందే తెలుసు అతనికి. ఆమెను అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేక, ఆఖరి జింకను తనే వదిలేసినట్టు నటించాడు. ఓమాకు ఏడుపు ఆగలేదు.

అతని మూసిన పిడికిలిని ఒక్కో వేలే విప్పింది. తూటా జారి బొంతలో పడింది, మూతికి ఒక్క సొట్టయినా లేకుండా.