భైరవుడి ప్రసాదం

మీ అమ్మాయి ఏం చేస్తుందని మేముండే కాపెల్‌లో ఎవరు అడిగినా "గవర్నమెంట్ జాబ్" అని చెప్పి ఊరుకునేదాన్ని. అబద్ధం కాదు. మా అదితి డాలస్ పక్కనే ఒక ఊళ్లో పోలీసు. ఏ ఊరో చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. అందులోనూ మామూలు పోలీసు కాదు, కుక్కతో తిరిగే పోలీసు. మత్తుమందు ఎక్కడ దాచినా వాసన పట్టే కుక్కకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని వెనకాల నడవడం దాని ఉద్యోగం. "ఇంతకీ మీ ఇద్దరిలో ఆఫీసర్ ఎవరే?" అని ఒకసారి అడిగాను. "మేం టీమ్ అమ్మా" అంది. కుక్కకు ఏసీ కారు, తూటాలు దిగని చొక్కా, ప్రత్యేకంగా ఒక డాక్టరు. టీమ్‌లో పెద్ద ఎవరో నాకు అర్థమైంది.

వాడి పేరు బోరిస్. హాలండ్ నుంచి తెప్పించారు. ఈ కుక్కలు డ్యూటీ అయ్యాక స్టేషన్‌లో ఉండవు, తమను నడిపే మనిషి, అంటే హ్యాండ్లర్, ఇంట్లోనే ఉంటాయి. అలా పోయిన జులైలో వాడు మా ఇంటికి వచ్చాడు. వాడికి డచ్ భాష తప్ప రాదని, మేము మాట్లాడించకూడదని, ముట్టుకోకూడదని, అన్నిటికంటే ముఖ్యంగా తినడానికి ఏమీ పెట్టకూడదని అదితి నాకూ మా ఆయన లక్ష్మీపతికీ గంటసేపు క్లాసు పీకింది. నేను బుద్ధిగా తలూపాను. మర్నాటి నుంచి వాడిని భైరవుడు అని పిలిచాను. నెల తిరిగేసరికి "జరుగు", "పక్కకు పో", "వచ్చావా నాయనా" అన్నీ వాడికి వచ్చేశాయి. ఇరవై ఏడేళ్లుగా ఇంట్లో వింటున్న మా అమ్మాయి తెలుగు కన్నా వాడి తెలుగే నయం.

కోట్లు తగిలించుకునే అల్మారానే మా ఇంట్లో దేవుడి గది. స్మోక్ అలారం మోగకుండా హారతి ఇవ్వడం అమెరికాలో నేను నేర్చిన మొదటి విద్య. పొద్దున అదితి స్నానానికి వెళ్లిన వేళ నేను కర్పూరం వెలిగిస్తాను. ఆ వాసన తగలగానే భైరవుడు వచ్చి గడప ముందు నిలబడేవాడు. రెండో వారంలో ఒకరోజు కూర్చున్నాడు. వీపు నిటారుగా, చెవులు పైకి, చూపు నా మీద. మా ఆయన ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కరోజు అంత శ్రద్ధగా కూర్చోలేదు.

హారతి వేళకు వచ్చి కూర్చున్నవాడిని ప్రసాదం పెట్టకుండా పంపడం మా ఇంటా వంటా లేదు. శత్రువైనా సరే, చేతిలో పెట్టాల్సిందే. పైగా వాడు సాక్షాత్తూ భైరవుడు. కిస్‌మిస్ కుక్కలకు విషమని చదివాను కాబట్టి అవి తీసేసి, గోరంత కొబ్బరి ముక్క పెట్టాను. మర్నాడూ కూర్చున్నాడు, మర్నాడూ పెట్టాను. ఎనిమిది నెలలు గడిచాయి. దేవుడి దగ్గర జరిగేది తిండి పెట్టడం కిందికి రాదని నా లెక్క.

మార్చిలో వాళ్లకు పరీక్ష వచ్చింది. ఏడాదికోసారి ఉంటుందట. హాల్లో పది పెట్టెలు వరసగా పెడతారు. ఒక దాంట్లోనే మత్తుమందు ఉంటుంది. మిగతావాటిలో కుక్కను తికమక పెట్టడానికి ఏవేవో వాసనలు. సరైన పెట్టె దగ్గర కుక్క కూర్చోవాలి. మొరగదు, గీరదు. కూర్చోవడమే వాడి సాక్ష్యం.

ఆ సాయంత్రం అదితి ఇంట్లోకి రాలేదు. చూస్తే గరాజ్‌లో నేలమీద కూర్చుని కుక్క మెడ పట్టుకుని ఏడుస్తోంది.

"ఫెయిల్ అయ్యాం అమ్మా. నాలుగో బాక్స్ దగ్గర కూర్చున్నాడు. మూడుసార్లు తిప్పాను, మూడుసార్లూ అక్కడే. సార్జెంట్ ఏమో నేనే లీష్‌తో సిగ్నల్ ఇస్తున్నానంటాడు. రిపోర్ట్‌లో హ్యాండ్లర్ మిస్టేక్ అని రాశాడు. త్రీ వీక్స్‌లో రీటెస్ట్. అది కూడా పోతే బోరిస్‌ని వేరే ఆఫీసర్‌కి ఇచ్చేస్తారు."

"నాలుగో దాంట్లో ఏముందే?"

"కర్పూరం. స్మగ్లర్స్ స్మెల్ హైడ్ చేయడానికి అలాంటివి పెడతారు కదా. నీ పూజ స్టఫ్ అమ్మా."

భైరవుడు నా వంక చూశాడు. పాపం, వాడు తప్పేమీ చేయలేదు. కర్పూరం వాసన వస్తే కూర్చోవాలని నేను నేర్పిన పాఠాన్ని పదిమందిలో మూడుసార్లు అప్పజెప్పాడు. ఆ పూటంతా దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాను.

కానీ నేను చేసిన పనికి నా కూతురి పేరు రాస్తే ఎలా ఊరుకుంటాను? మర్నాడు మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని దాని స్టేషన్‌కు వెళ్లాను. సార్జెంట్ ఓర్టెగా గుమ్మానికి సరిపడా మనిషి. నన్ను నేరస్థులను ప్రశ్నించే గదిలో కూర్చోబెట్టాడు. వేరే గది ఖాళీ లేదన్నాడు, నేను నమ్మలేదు. మైసూర్‌పాక్ వంక ఆశగా చూసి, తీసుకోవడానికి రూల్స్ ఒప్పుకోవన్నాడు. నేను మొత్తం చెప్పేశాను. కర్పూరం, గడప, కొబ్బరి. ఏ చేత్తో పెట్టారు, కూర్చున్న ఎంతసేపటికి పెట్టారు, ఎన్నిసార్లు అని అడిగి అన్నీ రాసుకున్నాడు. రెండు వందల పైమాటే అన్నాను. కలం కింద పెట్టేశాడు.

"మా ఊళ్లో అమ్మమ్మ కర్పూరం గుడ్డలో కట్టి మా మెడలో వేసేది, జలుబు చేస్తే. పరీక్షలో పెట్టిన బిళ్లలు కూడా మెక్సికన్ షాపులో నేనే కొన్నాను" అన్నాడు ఇంగ్లిష్‌లో. తర్వాత రిపోర్ట్ తీసి ఒక మాట చేర్చాడు. ఏం రాశారని అడిగాను. హ్యాండ్లర్ మిస్టేక్ అన్నచోట "హ్యాండ్లర్ తల్లి మిస్టేక్" అని దిద్దాడట.

పరీక్ష మాత్రం మారదన్నాడు, కర్పూరం పెట్టె ఉండి తీరుతుందన్నాడు. స్టేషన్‌లో అదితి వాడికి మళ్లీ నేర్పుతుంది. ఇంట్లో నేర్పాల్సింది నేను. రోజూ లాగే కర్పూరం వెలిగించాలి. వాడు కూర్చుంటే పెట్టకూడదు, పలకరించకూడదు, చూడకూడదు. గోడవైపు తిరగాలి. ఒక్క ముక్క పెట్టినా చేసిందంతా వృథా.

సంగతి తెలిసి అదితి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కుక్కతో మాత్రం డచ్‌లో మాట్లాడింది. మా ఆయనకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పాతికేళ్ల అనుభవం. "త్రివేణీ, నేను మానిటర్ చేస్తా" అంటూ ఎక్సెల్ షీట్ తెరిచారు. ఆరో రోజు నేను గోడవైపు తిరిగి ఉండగా కరకరమని చప్పుడైంది. తిరిగి చూస్తే కొబ్బరి గిన్నె ఈయన చేతిలో ఉంది.

"ఏమండీ! బుద్ధుందా?"

"వాడు షేక్‌హ్యాండ్ ఇచ్చాడే. పాపం అనిపించింది."

ఎక్సెల్ షీట్‌తో సహా ఆయన్ని పూజవేళకు పెరట్లోకి పంపించేశాను. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాను.

ఆ రోజులు నాకు కష్టంగా గడిచాయి. వాడు కూర్చునేవాడు. కాసేపు చూసి, ముందు కాలు ఎత్తి నా చీర అంచు మీద పెట్టేవాడు. సన్నగా మూలిగేవాడు. కొబ్బరి కోసం కాదని నాకు తెలుసు, ఏం తప్పు చేశానని అడుగుతున్నాడు. ఏం చెప్పను? ఒక రోజు గోడవైపు తిరిగే ఏడ్చాను. ప్రసాదం గిన్నెతో నిలబడి ఒక ప్రాణిని చూడనట్టు నటించడం కన్నా ఉపవాసం నయం.

రీటెస్ట్ రోజు ఇంట్లోవాళ్లను రానిచ్చారు. హాలు చివర, గోడ పక్కన కుర్చీలు వేశారు. అదితి భైరవుడిని తీసుకుని పెట్టెల వరస మొదట నిలబడింది. తాడు వదులుగా పట్టుకుంది, తను సైగ చేయడం లేదని అందరికీ కనబడేలా. వాడు ఒకటి, రెండు, మూడు దాటాడు. ఏడో పెట్టె దగ్గర ఆగాడు. ముక్కు లోపలికి పెట్టి, తల ఎత్తి, అంత పెద్ద హాల్లో నేరుగా నా వంక చూశాడు. కర్పూరం పెట్టె అదేనని నాకు అర్థమైంది.

నేను లేచి గోడవైపు తిరిగాను.

వెనక ఏమీ వినిపించలేదు. వాడు కూర్చున్నాడో లేదో తెలియదు. కూర్చుంటే ఇంతే సంగతులు, నా కూతురు ఒట్టి చేతులతో ఇంటికి వస్తుంది. గోడ మీద రంగు ఎక్కడ పెచ్చు లేచిందో చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి నేలమీద గోళ్ల చప్పుడు మొదలైంది. నడుస్తున్నాడు. మళ్లీ ఆగింది. తర్వాత ఒక బంతి నేలమీద టప్పుమని ఎగిరింది. సరైన పెట్టె పట్టుకుంటేనే కుక్కకు బంతి వేస్తారు.

అందరూ చప్పట్లు కొట్టారు. అదితి ఏదో అరుస్తోంది, సగం నవ్వు, సగం ఏడుపు. మా ఆయన నా భుజం తట్టి, "అయిపోయింది త్రివేణీ, పాసయ్యారు. ఇంక ఇటు తిరుగు" అన్నారు.

నేను వెంటనే తిరగలేదు. కళ్లు తుడుచుకోవడానికి గోడవైపే వీలుగా ఉంది.