ఎంపీ గారు అడిగిన ప్రశ్న

"గంజి ఎక్కువైపోనాది షీబా. సభలో లేచి నిలబడితే నాకంటే ముందు సొక్కా మాట్లాడతాది," అన్నాడు డేవిడ్‌రాజు ఢిల్లీ నుంచి ఫోన్లో. తన మాటకు తనే నవ్వుకున్నాడు.

షీబా అప్పుడు చీపురుపల్లి ఇంటి పెరట్లో ఆయన పొందూరు ఖద్దరు చొక్కాలే పిండుతోంది. సన్నని నూలు, గట్టిగా మెలితిప్పితే పోగు జరుగుతుంది. చాకలికి ఇస్తే పాడుచేస్తాడని అత్తగారు ఆ పని కోడలికే ఉంచింది. మోచేతుల దాకా గంజి. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఈసారి పలచగా పెడతాలెండి," అంది. చొక్కా సంగతి అయ్యాక ఆయన అసలు సంగతికి వచ్చాడు. మంగళవారం జీరో అవర్లో మూడు నిమిషాలు ఇచ్చారట. "పిల్లలు, సదువులు, ఆన్‌లైన్ మోసాలు, అలాగేటైనా రాసి పంపు. వినేవోడి గుండె పట్టీయాల."

డేవిడ్‌రాజు రాజ్యసభలో ప్రతిపక్ష సభ్యుడు. బడుల గురించీ పిల్లల గురించీ పట్టు వదలకుండా అడుగుతాడని పేరు. మూతపడిన బడులు, భర్తీ కాని టీచరు పోస్టులు, హాస్టళ్లలో జ్వరాలు, పిల్లల ఫోన్లలోకి ఎవరు ఏం పంపుతున్నారన్న సంగతి, ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఈ ఇంటి భోజనాల బల్ల మీద కుక్కర్ కూతల మధ్య పుట్టినవే. షీబా ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చదివింది. పెళ్లయ్యాక కొన్నాళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు కూడా చెప్పింది. "నా కొడుకు నాయకుడవుతాడు, పెళ్లాం జీతానికి తిరుగుతాదేటి?" అని అత్తగారు దేవమణి అనేసరికి మానేసింది. జీతం లేకుండా చేస్తే ఏ పనీ పరువు తక్కువ కాదని తర్వాత తర్వాత తెలిసింది. మంత్రి ఇచ్చిన జవాబులు ఆయన ఫోన్లో పంపుతాడు. మంత్రి ఏ మాట దగ్గర తప్పుకున్నాడో షీబా పట్టుకుని, అనుబంధ ప్రశ్న రాసి, ఆయనకు నోరు తిరగని ఇంగ్లీషు మాటల్ని పక్కన తెలుగులో రాసి పంపుతుంది. టీవీ వాళ్లు మెచ్చుకుంటే ఆయన, "అంతా మా ఆఫీసు కష్టం," అంటాడు. ఆ ఆఫీసులో ఇడ్లీపిండి కూడా పులుస్తుందని ఎవరికీ తెలియదు.

ఈసారి ఏం రాయాలో వెతుక్కోనక్కరలేకపోయింది. ఆ వారమే చర్చిలో స్త్రీల కూడికలో దానమ్మ తన మనవి చెప్పుకుంది. చర్చి వెనక గదిలో చాప పరుచుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకుంటే మిగిలినవాళ్లు దాన్ని ఎత్తి ప్రార్థన చేస్తారు. తాగొచ్చే మొగుడు, తీసేయాలన్న గర్భసంచి, పెళ్లికి ముందే నెల తప్పిన కూతురు, అన్నీ ఆ చాప మీదికి వస్తాయి. వచ్చింది గడప దాటకూడదు. ఆ నియమాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. దానమ్మ జూట్ మిల్లులో పనిచేస్తుంది. చీర మీద ఇంకా నారపీచు అంటుకునే ఉంది.

"నా గుంట అరుణశ్రీ సంగతమ్మా. ఇస్కూల్లో అందరూ కలిసి తీయించుకున్న పోటోలోంచి దాని మొకం తీసి, ఎవులిదో ఒంటికి అతికించి, పోన్లల్లో తిప్పీసినారు. పెద్ద పంతులు ఏటన్నాడో తెలుసా? గొడవ సల్లారేదాక గుంటని ఇంటికాడే ఉంచమన్నాడు. పాడుపని సేసినోళ్లు బెంచీల మీద కూకున్నారు, నా గుంట తలుపేసుకుని కూకున్నాది. పదో తరగతి పరీచ్చలున్నాయి. దాని పేరు బైటికి రాకుండా అది మళ్లా బడికెల్లేలాగ పార్దన సెయ్యండి."

షీబా పక్కన కూర్చున్న దేవమణితో సహా అందరూ కళ్లు మూసుకున్నారు. షీబాకు ప్రార్థన మాటలు రాలేదు, ప్రశ్నలు వచ్చాయి. ఇలాంటి ఫొటోను ఎన్ని గంటల్లో తీసేయించాలి? తీయకపోతే ఎవరిని పట్టుకోవాలి? దెబ్బ తిన్న పిల్లను ఇంటికి పంపే అధికారం బడికి ఎవరిచ్చారు? ఇంటికొచ్చి అవే రాసింది, పిల్లల్ని గుర్తుపట్టేలా ఎవరూ ఏదీ పెట్టకూడదని కూడా చేర్చింది. పేరు లేదు, ఊరు లేదు, జిల్లా లేదు. 'ఒక బాలిక' అని మాత్రం రాసింది. చాప మీది మాట గడప దాటించానేమోనని ఒకసారి అనిపించింది. మనిషిని దాటించలేదు, కష్టాన్ని మాత్రమే దాటించాను అని సర్దిచెప్పుకుంది.

మంగళవారం టీవీ ముందు కూర్చుని చూసింది. బాగా చదివాడు. ఆపాల్సిన చోట ఆపాడు. కళ్లద్దాలు తీయమని ఆమె రాయకపోయినా తీశాడు. రెండో నిమిషంలో కాగితం మీంచి తలెత్తి, "అధ్యక్షా, ఆ బాలిక మా చీపురుపల్లి పిల్ల, జూట్ మిల్లులో చెమటోడ్చే ఒక తల్లి కూతురు," అన్నాడు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న షీబా చేతులు ఆగిపోయాయి. పక్కనే దేవమణి కళ్లు తుడుచుకుంటోంది.

"అత్తయ్యా, ఆయనకి ఎవరు చెప్పారు?"

"నానే సెప్పినాను. మన దానమ్మ కూతురేరా అని. కన్నకొడుక్కి సెప్పుకోకూడదేటి? పైవోడికి సెప్పుకున్న మాట పార్లమెంటు దాకా ఎల్లినాదంటే అది పార్దన పలమే కాదేటి?"

సాయంత్రానికి ఆ వీడియో లక్షల మంది చూశారు. మర్నాడు ఎంపీ గారి ఫేస్‌బుక్ పేజీ చూసుకునే శివాజీ కెమెరాతో దానమ్మ ఇంటికి వెళ్లాడు. సారు సాయం పంపించారని చెప్పి లోపలికి వెళ్లి, తల్లినీ కూతుర్నీ గోడకు ఆనించి కూర్చోబెట్టి మాట్లాడించాడు. పేజీలో పెట్టినప్పుడు అరుణశ్రీ మొహం మీద మసక వేశాడు. గొంతు మాత్రం ఆ పిల్లదే, నీలం గోడ ఆ ఇంటిదే, పక్కన మసక లేకుండా దండం పెడుతున్నది వాళ్లమ్మే. కింద రాసినవాళ్లలో సగం మంది ఎంపీ గారికి జై కొట్టారు. మిగతా సగం ఆ ఫొటో ఎక్కడ దొరుకుతుందని అడిగారు. షీబా అవన్నీ చదివింది. చదివాక వెళ్లి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్లీ కడుక్కుంది.

దానమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నువ్వు సెప్పినావేటమ్మా?"

"రాసింది నేనే. పేరు, ఊరు రాయలేదు దానమ్మా."

"రాయకపోతే ఈదిలో అందరికీ ఎలాగ తెలిసినాది? మొదట ఇస్కూలోళ్లకే తెలుసు. ఇప్పుడు ఎర్రి కుక్కక్కూడా తెలుసు. గుంట అన్నం ముట్టుకోడం నేదు. నా మొకం ఎక్కడున్నాదో నాకే తెల్దమ్మా అంటాది." దానమ్మ గొంతు పెంచలేదు. "ఆదివారం మీ ఇంట్లో కృతజ్ఞత కూడికంట. గుంటని తెచ్చి నలుగురి ముందు మాట్లాడించమని కబురెట్టినారు. నాను తేను. తాళమెట్టి కోటబొమ్మాళి మా సెల్లిలింటికి ఎలిపోతాను. మరైతే ఆ ఈడియో ఎవులు తీస్తారు?"

ఆ ప్రశ్నకు మూడు నిమిషాల జవాబు అక్కర్లేదు. "నేను తీయిస్తాను," అంది షీబా. దానమ్మ నమ్మినట్టు కనిపించలేదు. నమ్మాల్సిన అవసరం కూడా లేదు.

శనివారం డేవిడ్‌రాజు ఇంటికి వచ్చాడు. భోజనానికి కూర్చుని ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని తన ప్రసంగమే తను మళ్లీ చూసుకుంటున్నాడు. కళ్లద్దాలు తీసే చోటికి వచ్చేసరికి కుడిచేతి ముద్ద నోటి దగ్గర ఆగింది. పప్పు కారి మణికట్టు మీదికి వచ్చింది. అలాగే నాకేశాడు. షీబా చూపు తిప్పుకుంది. ఇన్నేళ్లూ ఇదే బల్ల మీద ఈ మనిషికే వడ్డించింది. ఆయన తినే చప్పుడు ఎప్పుడూ వినలేదన్నట్టు ఇవాళ కొత్తగా వినిపించింది.

"ఆ పిల్ల వీడియో తీయించండి," అంది.

"దేనికి? మొకం కనబడలేదు కదా."

"ఊరంతా గుర్తుపట్టింది. మీ ప్రసంగంలో మనం అడిగిందే అది. పిల్లల్ని గుర్తుపట్టేలా ఎవరూ ఏదీ పెట్టకూడదని."

"అది ప్రభుత్వాన్ని అడిగింది షీబా. మనల్ని కాదు." ఆయన విసుక్కోలేదు, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు కాయితం మీద రాస్తావు, బాగానే రాస్తావు. రాజకీయం కాయితం మీద నడవదు. మొకం కావాల. ఓ మొకం కనబడితే ఇలాటి ఫొటోల మీద బిల్లు కదులుతాది. వెయ్యి మంది పిల్లలకి మేలు. ఒక్క పిల్ల కాస్త ఓర్చుకుంటే ఏటైపోద్ది?"

"అయితే మన అమ్మాయి మొహం పెట్టండి."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. విశాఖలో ఇంటర్ చదువుతున్న తమ కూతురి ఫొటో ఒక్కటి కూడా పేజీలో కనిపించకూడదని శివాజీకి ఆయన గట్టిగా చెప్పి ఉంచాడు. ఓసారి పుట్టినరోజు ఫొటో పెట్టినందుకు వాడిని చెంప పగలగొట్టబోయాడు. లోకం ఎంత రోతగా తయారైనాదో నీకేటి తెలుసురా అని అరిచాడు. ఆ రోజు ఆ కోపం చూసి, మంచి తండ్రి అని షీబా మురిసిపోయింది.

"మన పిల్ల, ఆ పిల్ల ఒకటేనా? మాట్లాడితే అర్తముండాల," అని, "మజ్జిగ పొయ్యి," అన్నాడు.

పోసింది. పోసి వరండాలోకి వెళ్లి శివాజీని అడిగింది. వాడు మర్యాదగానే లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు తీస్తే రీచ్ పడిపోద్దక్కా. రేపు కూడికలో ఆ పాప లైవ్‌లో ఏడిసిందనుకో, ఇంకో రేంజికి ఎలిపోతాది. దాని మంచికే కదక్కా," అన్నాడు. వాడి మొహంలో పాపం ఏమీ లేదు. బియ్యం ధర చెప్పినట్టు చెప్పాడు.

ఇంట్లో మేలు జరిగితే సంఘాన్ని పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనం పెట్టడం వాళ్లలో ఆనవాయితీ. ఆదివారం మధ్యాహ్నానికి షామియానా కింద కుర్చీలు నిండాయి. పాస్టరు గారు వచ్చారు, పార్టీ వాళ్లు వచ్చారు. షీబా పొద్దున్నించీ నిలబడే ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ, "మీ ఆయన పిల్లలంటే పేనం పెడతారమ్మా, అదురుష్టవంతురాలివి," అంది. ప్రతిసారీ నవ్వు తెచ్చిపెట్టుకోవడంతో దవడలు నొప్పెట్టాయి.

దానమ్మ కోసం పంపిన కారు ఖాళీగా తిరిగొచ్చింది. తాళం వేసి ఉందని డ్రైవరు చెప్పాడు. డేవిడ్‌రాజు బయటివాళ్లకు కనపడే నవ్వు చెరగకుండానే లోపలి గదిలోకి వచ్చి, "ఇదేటి, నీ పనేనా?" అన్నాడు. షీబా జవాబు చెప్పేలోపు శివాజీ అందుకున్నాడు.

"టెన్షన్ పడకండి సార్. మొన్న తీసిన ఒరిజినల్ నా లాప్‌టాప్‌లో ఉన్నాది. మసక లేకుండా. ఆ పాప బాగా ఏడిసింది అందులో. పాటలవగానే తెర మీద ఏసీసి, లైవ్‌లో ఒదిలేద్దాం."

డేవిడ్‌రాజు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో షీబా ఆయన మొహంలోకే చూస్తోంది. ఒక్కసారి కాదంటే చాలనుకుంది. కాదంటే ఇంకో పన్నెండు చొక్కాలకైనా గంజి పెట్టేది.

"సౌండు సరిగా రావాల. సూసుకో," అని ఆయన బయటికి వెళ్లాడు. తెర కట్టించడానికి శివాజీ కూడా వెనకాలే పరిగెత్తాడు.

లాప్‌టాప్ మంచం మీద తెరిచే ఉంది. షీబా మూత వేసింది. చంకలో పెట్టుకుని, సరుకుల గదిలోకి వెళ్లి, లోపల గడియ పెట్టింది. బియ్యం బస్తా మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. పిల్లల సహాయానికి పెట్టిన 1098కి ఫోన్ చేసింది. బయట మొదటి పాట మొదలైంది.

ఒక అమ్మాయి ఎత్తింది. షీబా మంత్రిని అడిగే ప్రశ్న రాసినంత పొందికగా చెప్పింది. ఒక మైనరు బాలిక వీడియో ఏ పేజీలో ఉందో, ఎవరు తీశారో, మసకలేని అసలు కాపీ ఎక్కడుందో, ఇంకాసేపట్లో దాన్ని ఏం చేయబోతున్నారో చెప్పింది.

"ఆ పేజీ ఎవరిదండి?"

డేవిడ్‌రాజు పేరు, హోదా చెప్పింది. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మేడమ్, మీ పేరు బయటికి రాకుండా ఉంచమంటారా?" అంది.

"అక్కర్లేదు. పిల్ల పేరు మాత్రం ఫోన్లో చెప్పను. మీ ఆడ ఆఫీసరెవరైనా వస్తే ఆవిడకే చెప్తాను. అసలు వీడియో ఉన్న లాప్‌టాప్ నా దగ్గరే ఉంది. మీవాళ్లు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వను. నా పేరు షీబా." ఇంటి నంబరు, వీధి, ఊరు చెప్పింది.

పాట అయిపోయింది. తలుపు మీద చప్పుడు. "ఒసే షీబా, లోపల ఏటి సేస్తన్నావు? అందరూ సూస్తన్నారు, దేవుడు సేసిన మేలుకి నువ్వు సాచ్చెం సెప్పాలంట, రావే," దేవమణి గొంతు. దాని వెనక శివాజీ గొంతు, "సార్, లాప్‌టాప్ కనబడ్డం లేదు." తర్వాత డేవిడ్‌రాజు. తలుపుకు నోరు ఆనించి, బయటివాళ్లకు వినపడకుండా, "తలుపు తియ్యి. ఎంపీ పెళ్లానివి, పరువు తీయకు," అన్నాడు.

"ఆఫీసరు గారు బయల్దేరుతున్నారు మేడమ్," అంది ఫోన్లో అమ్మాయి. టైపు చేస్తున్న చప్పుడు వచ్చి, ఆగింది. "ఇక్కడ మీ అడ్రసు, ఆయన అడ్రసు ఒకటే వస్తున్నాయండి."

"అవును, ఒకటే."

"ఆయనకి మీరేమవుతారు? బంధుత్వం అన్న చోట ఏమని రాయమంటారు?"

తలుపు గడియ అదురుతోంది. షీబా దానివైపు చూస్తూనే చెప్పింది.

"ఆ గడి ఖాళీగా వదిలేయండి."