మరిది సంతకం

ఆపరేషన్ గది ముందున్న బల్ల మీద కండక్టరమ్మ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ఆస్పత్రి వాళ్లిచ్చిన పచ్చ గౌను మోకాళ్ల దాకానే ఉంది. పక్కనున్న అత్తగారు దుప్పటి కప్పబోతే తోసేసింది.

"ఉక్కపోస్తోంది, వదిలెయ్ అత్తా."

"నలుగురూ చూస్తున్నారే."

"చూడనీ. బస్సులో రోజూ చూసేవాళ్లేగా. టికెట్ ఒక్కటే తక్కువ."

ఎదురుగా నిలబడ్డ లాయరమ్మకి నవ్వు రాలేదు. ఆమె ప్రాణమంతా వరండా చివరి గేటు మీదే ఉంది.

ఆడవాళ్ల వైద్యం తాలూకు కేసులే ఆమె చూస్తుంది. కాన్పుల వార్డులో ఒక మంచం మీద ఇద్దరేసి పడుకోవడం, పేటల్లోకి మందులు చేరకపోవడం, ఇలాంటివన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. కండక్టరమ్మకి గర్భసంచిలో గడ్డలు. పొద్దస్తమానం నిలబడి చేసే ఉద్యోగం, నెలలో సగం రోజులు రక్తస్రావం. మనిషి సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. ఇదివరకు ఒకసారి ఆపరేషన్‌కని వస్తే, "మీ ఆయన సంతకమేది?" అని తిప్పి పంపేశారు. ఆ ఆయన ఇల్లు వదిలిపోయి ఏళ్లయింది. ఎక్కడున్నాడో కన్నతల్లికే తెలియదు.

లాయరమ్మ ఆ పద్ధతి మీద కోర్టులో కేసు వేసింది. అది నత్తనడక నడుస్తూనే ఉంది. ఈలోగా ఆపరేషన్‌కి మళ్లీ వంతు వచ్చింది. ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ముందు మనిషి గట్టెక్కాలి, రూలు సంగతి తర్వాత చూసుకుందాం అనేది లాయరమ్మ అలవాటు. భర్త లేకపోతే ఇంట్లో మగవాళ్లెవరైనా సరేనని హెడ్ నర్సు చెప్పగానే, కండక్టరమ్మని అడగకుండానే ఆమె మరిదికి ఫోన్ చేసేసింది.

అతను కరెంటు పని మధ్యలో వదిలేసి, చేతుల మసి తుడుచుకుంటూ రానే వచ్చాడు.

"నువ్వెందుకొచ్చావురా?" అంది కండక్టరమ్మ.

"సంతకం పెట్టడానికి వదినా. లాయరమ్మగారు రమ్మన్నారు."

కండక్టరమ్మ లాయరమ్మ వంక చూసింది. చిల్లర తేకుండా పెద్దనోటు చాపిన వాణ్ని చూసినట్టు చూసింది.

"మీ దగ్గరికి నేనొచ్చింది ఇందుకేనా అండీ? వీడి ముక్కు తుడిచి బడికి పంపింది నేను. నా కడుపు కొయ్యాలో వద్దో వీడు చెప్పాలా?"

"నాకేమన్నా సరదానా వదినా? అమ్మ పెడతానంటే చెల్లదంటున్నారు."

"నేను కన్న ఇద్దరివీ చెల్లుతాయట, నాది మాత్రం చెల్లదట. భలే ఉంది వరస," అంది అత్తగారు.

లాయరమ్మ బల్ల పక్కన గొంతుక్కూర్చుంది. "ఈ పూటకి పెట్టనివ్వండి. మీరు బాగుంటే ఎంతైనా పోట్లాడొచ్చు."

"పెట్టనివ్వను. వెనక్కి పంపితే పోతాను."

లాయరమ్మకి అప్పుడు తగిలింది దెబ్బ. ఇన్నేళ్లలో ఎందరు తమ్ముళ్లని, ఎందరు బావల్ని ఆదరాబాదరా పిలిపించింది! ప్రతిసారీ ఒక మనిషి బయటపడింది. ప్రతిసారీ ఆ పద్ధతి కూడా తన చేత్తోనే ఇంకాస్త గట్టిపడింది. రేపు కోర్టులో ఆస్పత్రి వాళ్లు అవే సంతకాలు చూపించి, ఎవరికీ ఇబ్బంది లేదే అంటారు.

"ఇంకాసేపు చూసి వెనకాల వాళ్లని పంపిస్తా," అని హెడ్ నర్సు కేకేసింది.

లాయరమ్మ లేచి తిన్నగా సూపరింటెండెంట్ గదిలోకి వెళ్లింది.

"భర్త సంతకం కావాలని ఏ చట్టంలో ఉంది సార్? ఒక్క కాగితం చూపించండి."

"ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే కదమ్మా."

"అయితే ఆ పద్ధతి ప్రకారమే ఈమెకి వైద్యం చెయ్యలేదని రాసి, కింద సంతకం పెట్టివ్వండి."

ఆయన కలం అందుకుని, మళ్లీ కింద పెట్టేశాడు. "మీకేం, చెప్పి వెళ్లిపోతారు. నాకు చెప్పకుండా మా ఆవిడ కడుపెవడు కోశాడని ఒకడొచ్చి మా డాక్టర్ని కుర్చీతో కొట్టాడు. అప్పుడెవరొచ్చారు?"

పద్ధతి వెనకున్నది భయమని లాయరమ్మ ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు.

"ఇకనుంచి నేనొస్తాను. అలాంటివాడి మీద కేసు నేను నడుపుతాను. కానీ వాడెవడో కొట్టాడని ఈవిడ రక్తం పోగొట్టుకోవాలా? ఆపరేషన్ అయ్యేదాకా తలుపు దగ్గరే ఉంటాను. ఎవరొచ్చినా ముందు నాతో మాట్లాడాలి."

ఆయన విసుగ్గా లేచి వరండాలోకి వచ్చాడు. "ఏం చేస్తారో తెలుసా అమ్మా నీకు?"

"గర్భసంచి తీసేస్తారు. ఇక పిల్లలు పుట్టరు. ఉన్న కూతురు చాలు."

"భయం లేదా?"

"ఎందుకు లేదూ? చచ్చేంత ఉంది. అయినా కోసేది నా కడుపు, సంతకం నేనే పెడతా."

ఆయన నర్సు వైపు తిరిగాడు. "ఈవిడ చేతే పెట్టించండి. ఈ ఒక్కసారికి."

కండక్టరమ్మ కాగితం చివరిదాకా చదివి నిదానంగా సంతకం చేసింది. చక్రాల మంచం లోపలికి పోయింది.

"నేను పనికి పోనా అమ్మా?" అన్నాడు మరిది.

"ఎక్కడికి పోతావు?" అంది అత్తగారు. "రక్తం కావాలంటే ఇవ్వాలి. దానికి మగాడైనా పర్వాలేదులే."

లాయరమ్మ తలుపుకి ఆనుకుని నిలబడింది. కాళ్లు లాగుతున్నా కుర్చీ వద్దంది. అవతల బల్ల మీద కడుపు పట్టుకుని ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని ఉంది. లాయరమ్మ అడిగితే చెప్పింది, భర్తని తెచ్చుకోమన్నారట. ఆయన ఆమెతో మాట్లాడడం మానేసి చాలాకాలమైందట.

మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు దించి, "బాగుంది. రక్తం ఆగింది," అన్నాడు. అత్తగారు అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. మరిది ఆమె పక్కన కూలబడ్డాడు.

లాయరమ్మ కళ్లు తుడుచుకుని, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి చెయ్యందించింది.

"లే తల్లీ. ఒక్కసారికే అన్నాడు ఆ సూపరింటెండెంటు. రెండోసారి అడిగొద్దాం పద."