హెడ్డు దించిన రోజు

కురుమయ్య పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను లారీ ఇంజన్ మీద ఆనించి, పిడిని కుడిచెవికి నొక్కిపట్టుకున్నాడు. ఎడమచెవి వినపడటం మానేసి చాలా ఏళ్లయింది. లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు పక్కన లారీలు బాగుచేసే ఈ రేకుల షెడ్డులోనే అతని వయసంతా గడిచింది. పాలమూరు నుంచి సిమెంటు మోయడానికి వచ్చినవాడు ఒకనాడు లారీ కిందికి దూరాడనీ, మళ్లీ బయటికి రాలేదనీ అతని భార్య ఆశమ్మ అంటూ ఉంటుంది.

"పొద్దుగాల స్టార్ట్ అయితలేదు. అయితే తెల్లపొగ. నారాయణగూడ ఫ్లైఓవర్ గూడ ఎక్కుతలేదన్నా," అన్నాడు నగేష్. లారీ అతనిదే. దాని కిలోమీటర్ల మీటరు ఎప్పుడో ఆగిపోయింది.

కురుమయ్య గాలి పైపు ఊడదీసి అక్కడ అరచెయ్యి పెట్టాడు. లోపలికి పీల్చుకోవలసిన గాలి ఉండుండి బయటికి తన్నుతోంది. ఒక ఇంజెక్టర్ తీసి, ఆ చోట లోపలి ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజీ బిగించి సెల్ఫ్ కొట్టించాడు. ముల్లు సగం కూడా లేవలేదు. లోపల కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. ముల్లు అక్కడే ఆగింది.

"రింగులు పోతే, ఆయిల్ పోసినంక ముల్లు లేస్తుండె. ఇవి వాల్వులే."

మధ్యాహ్నానికి ఇంజన్‌కు మూతలా ఉండే హెడ్డు దించారు. దించాక కురుమయ్య ఛాతీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ అక్కడ మంటగా ఉంది. వాల్వుల అంచులు కాలి పల్చబడ్డాయి. మసి తుడిచేసరికి హెడ్డులో రెండు వాల్వులు కూర్చునే చోట్ల నడుమ వెంట్రుకంత పగులు కనిపించింది. అతని బొటనవేలు దాని మీదే ఆగిపోయింది.

"నడుస్తదా అన్నా?" నగేష్ గొంతు తగ్గించాడు. "ఇది వోతే ఈ వయసుల నన్నెవరు డ్రైవరుగ వెట్టుకుంటరు? కంటి ఆపరేషన్ గూడ అయ్యె."

ఇక పనికిరాదన్న మాట ఎంతోమందికి మొహమ్మీదే చెప్పిన మనిషి. ఇవాళ నోరు రాలేదు.

"చూద్దాం తియ్," అని టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. వాల్వు అంచుకు గరుకు పేస్టు రాసి, రబ్బరు కప్పున్న కర్రను దానికి అంటించి, హెడ్డులో దాని చోట పెట్టి రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పసాగాడు. అంచు చుట్టూ బూడిదరంగు వలయం తేలితే వాల్వు సరిగ్గా కూర్చున్నట్టు. దండగని తెలిసిన పనిని అతను ఇంత ఓపిగ్గా ఎప్పుడూ చేయలేదు.

నగేష్ చాయ్ తెచ్చేసరికి ఆ చేతులు ఒళ్లో ఉన్నాయి. కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు పక్కన పెట్టాడు. చాయ్ మీద మీగడ కట్టాక గానీ భుజం తట్టలేదు.

అడిక్‌మెట్‌లో కూలిపని మీదున్న ఆశమ్మ మట్టికాళ్లతోనే వచ్చింది. ఏడవలేదు.

"పొద్దుగాల ఛాతిల మంటన్నడు. సోడ తాగుమన్న," అంది. తర్వాత చిక్కడపల్లి బస్తీలో వాళ్ల గదికి వచ్చినవాళ్లందరికీ అదే మాట చెప్పింది.

దినాలు అయిపోయాక మరో మేస్త్రీ వచ్చి హెడ్డును వెలుగులోకి తిప్పాడు.

"పగిలింది గదనే. కురుమన్నకు కనవడలేదా?"

"కనవడ్డది," అన్నాడు నగేష్. తుక్కువాళ్లకు ఫోన్ చేశాడు.

వాళ్లు లారీనీ హెడ్డునూ పట్టుకుపోయారు. షెడ్డు గోడవారన ఒక వాల్వు మాత్రం మిగిలింది. కర్ర చివరి రబ్బరు కప్పు దాన్ని పట్టుకునే ఉంది. అంచున బూడిదరంగు వలయం ఇంకా పూర్తిగా తేలలేదు.