వేన్ ముందే పెట్టేసిన సంతకం

ఇంటి లోను ఐదేళ్ల గడువు జూన్ ఆఖరుకి తీరిపోతుంది. ఆలోగా కొత్త వడ్డీకి తిరగరాయించుకోవాలి. తార్యా మార్చి మొదటివారంలోనే పని మొదలుపెట్టింది. తను నడిపే స్కూలు బస్సు పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య దొరికే సమయమంతా ఫోన్లకే పోసింది. చివరికి కెనడాలో తాముండే థండర్ బే ఊళ్లోనే ఒక సహకార బ్యాంకు, ఇప్పుడున్న పాత బ్యాంకు కొత్తగా అడుగుతున్న వడ్డీ కన్నా ముప్పాతిక శాతం తక్కువకే ఇస్తామంది. లోను ఆమె భర్త వేన్ పేరు మీదే ఉంది కాబట్టి, అతను పనిచేసే కాగితం మిల్లు నుంచి జీతం ఉత్తరం ఒకటి కావాలన్నారు.

మొదటిసారి అడిగితే వేన్ రేపు తెస్తానన్నాడు. రెండోసారి, ఆఫీసులో ఆవిడ సెలవులో ఉందన్నాడు. మూడోసారి, ఇంకా నాలుగు నెలలుండగా ఈ హడావుడేమిటని తనే విసుక్కున్నాడు. తార్యాకి ఒళ్లు మండిపోయింది. ఇరవైరెండేళ్లుగా చలికాలానికి మంచు టైర్లు మార్చడానికీ, పళ్ల డాక్టరు దగ్గరికీ అతన్ని వెనకనుంచి తోస్తూనే ఉంది.

గురువారం తనే మిల్లుకి ఫోన్ చేసింది. గురు, శుక్రవారాలు వేన్‌కి పని లేదని, జనవరి నుంచే గంటలు తగ్గించారని అక్కడి గుమాస్తా నెమ్మదిగా చెప్పింది. ఆ పొద్దున కూడా అతను టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాడు.

సాయంత్రం అతను బూట్లు విప్పకముందే నిలదీసింది. గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకి కన్నం చేసి చేపలు పట్టే తన తమ్ముడి గుడిసెలో కూర్చుంటున్నానని ఒప్పుకున్నాడు.

"మరి రెండు నెలలుగా పట్టిన చేపలేవి?"

"పక్క గుడిసె ముసలాయనకిచ్చేశాను. ఇంటికి తెస్తే అడుగుతావని."

అసలు సంగతి ఆ తరవాత బయటపడింది. లోను పొడిగిస్తామంటూ పాత బ్యాంకు పంపిన కాగితానికి పోయినవారమే ఫోన్‌లో సంతకం పెట్టేశాడట.

"పాతవాళ్లు జీతం అడగరు, తార్యా. కొత్తవాళ్లు అడిగితే లోను లేదు పొమ్మంటారని భయమేసింది."

"వాళ్లు రాసిన వడ్డీకే పెట్టేశావా? పాత పడవకి మూడు వారాలు బేరమాడిన మనిషివి!"

అతని భయం ఆమెకి అర్థమైంది. అర్థమైనకొద్దీ కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు పొద్దుటి ట్రిప్పు కాగానే అతన్ని పాత బ్యాంకుకి లాక్కెళ్లింది. సంతకం పెట్టినా, కొత్త గడువు మొదలయ్యేదాకా మార్చుకోవచ్చని అక్కడి అధికారి చెప్పాడు. తార్యా సహకార బ్యాంకు కాగితం బల్లమీద పెట్టి, కుర్చీలోంచి కదలనంది. ఆ అధికారి రెండుసార్లు లోపలికెళ్లి వచ్చి అర శాతం తగ్గించాడు. తనకి బయట దొరికినదానికన్నా ఇంకా పావు శాతం ఎక్కువే. కానీ పూర్తి జీతం చూపే ఉత్తరం లేకుండా సహకార బ్యాంకుకి వెళ్లే దారి లేదు. వేన్ మళ్లీ సంతకం పెట్టాడు.

"చూశావా, జీతం అడగనే లేదు," అన్నాడు బయటికొచ్చాక.

"నాకు చెప్పుంటే, ఈ బేరం నేను జనవరిలోనే మొదలుపెట్టేదాన్ని, వేన్."

పికప్ ట్రక్కులో ఇంటిదారి పట్టారు. వంతెన దాటాక, తమ స్కూలు బస్సుల డిపోలో డ్రైవర్లు చాలడం లేదని, గురు, శుక్రవారాలు వచ్చి బస్సు నడపడం నేర్చుకోమని ఆమె చెప్పింది. పిల్లల గోల తను భరించలేనన్నాడతను.

"ఎన్నింటికి లేవాలి?" అని అడిగాడు కాసేపటికి.

"ఐదుంపావుకి. నేను లేపను."