ఏడవని పిల్లాడు

"అత్తయ్యా, బాబు పొద్దుట్నుంచీ ఏడవలేదు" అంది చౌడేశ్వరి, రాట్నం తిప్పడం ఆపకుండానే.

హనుమాయమ్మకి అది "బాబేడీ, లేడు" అని వినిపించింది. ఏళ్ల తరబడి మగ్గం పక్కన కూర్చుని, ఆ టకటకల్లో సగం చెవులు అరగదీసుకున్న మనిషి ఆవిడ. మిగిలిన సగం చెవులకి ఏది తగిలితే దానికి వెంటనే నోరు సాయం చేసేది. వీధిలోకి పరిగెత్తి "నా మనవడు లేడర్రా, ఎవరో ఎత్తుకుపోయారు" అని కేక పెట్టింది. బెజవాడ పాతపేటలో ఆ నేతవాళ్ల వీధి వీధంతా మగ్గం గుంటల్లోంచి లేచి బయటికొచ్చింది. ఒకరు గంజి గోలెంలో తొంగిచూశారు. ఒకరు కాలవగట్టుకి పరుగు తీశారు. ఎదురింటి మాణిక్యానికి నిన్న వీధిలో తిరిగిన బైరాగి మీద అనుమానం వచ్చి, అది నిలబడిన చోటే సాక్ష్యంగా ముదిరింది. వాడి జోలె బరువుగా ఉందట, లోపల ఏదో కదిలిందట. చౌడేశ్వరి గుమ్మంలో నిలబడి "ఉన్నాడండీ, ఉయ్యాల్లోనే ఉన్నాడు, ఏడవలేదన్నానంతే" అని చెబుతూనే ఉంది. కోడలి మాట వినపడకపోవడానికి చెవుడే ఉండక్కర్లేదు. ఆ వీధిలో పాముచెవులవాళ్లకి కూడా ఆ జబ్బుంది.

చివరికి చౌడేశ్వరి భర్త పాండురంగయ్య లోపలికొచ్చి ఉయ్యాల చూశాడు. పోయినవాణ్ణి ఉన్నచోట వెతకాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. నాలుగు నెలల పిల్లాడు పాతచీర ఉయ్యాల్లో పడుకుని ఉన్నాడు. జనం విరగబడి నవ్వారు.

"ఇంత గోలలోనూ కన్ను తెరవలేదే" అంది మాణిక్యం. "బుద్ధిమంతుణ్ణి కన్నావే చౌడీ. మావాడైతే చీమ దగ్గినా లేచి కూర్చుంటాడు."

"పిల్లాడు ఏడవకపోతే కొబ్బరికాయ కొట్టుకోవాలి గానీ, ఫిర్యాదు చేస్తారటే" అని పాండురంగయ్య మళ్లీ మగ్గంలోకి దిగాడు.

అందరూ వెళ్లాక చౌడేశ్వరి పిల్లాడి ముక్కు కింద వేలు పెట్టింది. ఊపిరి తగిలింది. రెండోది రాలేదు. తన ఊపిరి కూడా బిగబట్టి చూసింది. అప్పుడొచ్చింది, సన్నగా, గంజి పట్టని నూలుపోగులా, లాగితే తెగేట్టు.

పాండురంగయ్య నేతగాడు. ఇంటికి నేత కూడా ఆయనే. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే దాన్ని పని అనేవారు. ఆయన అటూ ఇటూ విసిరే నాడెలోకి నూలు కండెలు చుట్టిచ్చే చౌడేశ్వరిని గురించి ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుందండీ" అనేవారు. గంజి కాచేది ఆమె, పడుగు నూలుకి గంజి పట్టించేది ఆమె, తెగిన పోగులు అతికేది ఆమె. మధ్యలో వంట ఉంది, నీళ్లున్నాయి, అత్తగారి కాళ్లున్నాయి. చుట్టాలొచ్చినా చుట్టడం ఆగదు. పురుడు వెళ్లీ వెళ్లకముందే రాట్నం ముందు కూర్చోబెడితే నడుము నిలవక పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు హనుమాయమ్మ తమలపాకులో కందిగింజంత నల్లమందు చుట్టి నోట్లో పెట్టింది. "మింగు. మా అత్త నాకు పెట్టింది, నేను నీకు పెడుతున్నాను" అంది. కొన్ని ఇళ్లల్లో అత్తల నుంచి కోడళ్లకి నగలు దిగుతాయి. ఆ ఇంట్లో నల్లమందు దిగింది.

మింగితే నడుము నొప్పి పోయింది. నొప్పితోబాటు ఆకలి కూడా పోయింది. యుద్ధం రోజులు. బియ్యానికి కంట్రోలు, నూలుకి కంట్రోలు, కిరసనాయిలుకి కంట్రోలు. ఆడదాని ఆకలికి ఏ సర్కారూ పెట్టలేని కంట్రోలు ఆ ఇంట్లో కుదిరింది. "మా కోడలికి తిండి ధ్యాసే లేదమ్మా, రాట్నం ముందు కూర్చుందంటే రత్నమే" అని హనుమాయమ్మ బావి దగ్గర చెప్పుకునేది. పాండురంగయ్య సర్కారు లైసెన్సున్న కొట్టునుంచి పొట్లం తెచ్చి, పూలు తెచ్చిన మగాడిలా భార్య చేతికిచ్చేవాడు. "మందు వేసుకున్నావా? అయితే ఇంకాసిని కండెలు కానీ" అనేవాడు. కందిగింజ శనగగింజ అయింది. గింజ పెరిగితే రైతుకి సంతోషం గానీ, ఈ గింజ పెరుగుతుంటే చౌడేశ్వరికి వణుకు పుట్టింది.

ఆషాఢంలో ఒకనాడు కొట్టు తీయలేదు. మధ్యాహ్నానికి ఆమెకి ఆవలింతలు మొదలయ్యాయి. కళ్లల్లోంచీ ముక్కులోంచీ నీళ్లు. కాళ్లు వాటంతటవే తన్నుకున్నాయి. ఆమె సంగతి సరే, ఉయ్యాల్లో పిల్లాడు గడ్డం వణికిస్తూ, గొంతు చీలిపోయేట్టు ఏడవడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఎక్కణ్ణుంచో పొట్లం వచ్చింది. ఆమె మింగింది, కాసేపాగి పాలిచ్చింది, వాడు వాలిపోయాడు. "అమ్మ పాలు పడ్డాయి, ఊరుకున్నాడు" అన్నారు ఇంట్లోవాళ్లు. వాడికి పడింది పాలొక్కటే కాదని ఆమెకి ఆ పూటే తెలిసింది. తను మింగింది తెల్లని పాలల్లో కలిసి వాడిలోకి దిగుతోంది. అప్పటినుంచి రొమ్ము అందించినప్పుడల్లా చెయ్యి వెనక్కి లాగేది. పాలిచ్చే తల్లికి ఏం చెయ్యాలో పాలుపోకపోవడమంటే అదే.

పిల్లాణ్ణి వెతికి నవ్వుకున్న ఆ రోజే, భోజనాల దగ్గర భర్తని అడిగింది.

"నన్నూ వాణ్ణీ ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"వెళ్లి ఏమని చెప్పను? నా పెళ్లాం నల్లమందు తింటుందనా?"

"తెచ్చింది మీరేగా."

"తెచ్చింది నేనే. తింటున్నదెవరు?" పాండురంగయ్య మజ్జిగ పోసుకున్నాడు. "శ్రావణమాసం పెళ్లిళ్ల సరుకు నెత్తిమీదుంది. ఇప్పుడు నువ్వు మంచమెక్కితే కండెలెవరు చుడతారు? అంత వద్దనుకుంటే మానెయ్. నోరు మూసుకోవడమేగా."

నోరు మూసుకోవడం ఆమెకి కొత్త కాదు. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే. మర్నాడు పొద్దున పొట్లం తీసుకెళ్లి మురిక్కాలవలో పారేసింది.

ఆ పూట గడిచింది. ఆ పైన గడిచింది గడవడం కాదు. ఎముకల్ని లోపల్నుంచి ఎవరో రాట్నానికి తగిలించి తిప్పుతున్నట్టుంది. ఎండలో కూర్చున్నా చలి, ఒంటిమీద ఈక పీకిన కోడిలా గగుర్పాటు. తాగిన నీళ్లు తాగినట్టే వాంతి. కడుపులోంచి ఆగకుండా విరేచనాలు, పెరట్లోకి వెళ్లడానికి గోడ పట్టుకోవాలి, రావడానికి నేల పట్టుకోవాలి. వీటికి ఆమె భయపడలేదు, ఇదంతా తన ఒళ్లు, తన ఒంటికి ఏది జరిగినా జరిగిపోతుందని చిన్నప్పట్నుంచీ నేర్పారు. భయమంతా ఉయ్యాల్లో ఉంది. వాడు ఏడుస్తున్నాడు, ఆగితే వణుకుతున్నాడు, తాగింది కక్కుతున్నాడు. తను మింగితే వీడు నిద్రలోనే పోతాడేమో. మింగకపోతే ఏడ్చి ఏడ్చి పోతాడేమో. రెండు దారుల్లోనూ వాణ్ణి చంపేది తనే. అడగడానికి మనిషి లేడు. అడిగితే మానెయ్ అన్న మనిషి మగ్గంలో ఉన్నాడు, చేతిలో కండె అయిపోయినప్పుడల్లా లోపలికి చూసి నిట్టూరుస్తున్నాడు.

ఆ వానల్లో కృష్ణ ఎర్రగా పారుతోంది. ఉయ్యూరు వైపు పల్లెల్లో కలరా అని కబురు. కలరా వచ్చిన చోట ఎవరికీ కల రాదు, నిద్రపోతేగదా. చౌడేశ్వరి పెరట్లోకీ ఇంట్లోకీ తిరగడం పక్కింటివాళ్లు చూశారు. ఇది వాంతిభేదే అనడంలో ఆ వీధిలో ఎవరికీ అభిప్రాయభేదం రాలేదు. ఒక్కో తలుపూ మూసుకుంది. మాణిక్యం కిటికీలోంచి "చౌడీ, బావి దగ్గరికి రాకమ్మా, బిందె గుమ్మం ముందు పెట్టు, దూరంనుంచి నేనే పోస్తాను" అంది. ఎవరో మునిసిపాలిటీకి కబురు చేశారు.

హనుమాయమ్మ గుమ్మం దాటి కోడలి పక్కన కూర్చుంది. అందరూ పారిపోయిన చోట ఆవిడ ఒక్కత్తే కూర్చుంది, అది నిజం. అరచేతిలో నల్లటి ఉండ.

"మింగవే పిల్లా. విరేచనాలు కట్టేస్తుంది. మింగకపోతే చచ్చిపోతావే."

నిజంగానే కట్టేస్తుంది. ఒక్క ఉండతో వణుకు పోతుంది, వాంతి పోతుంది, ఈ భయం కూడా పోతుంది, సాయంత్రానికి రాట్నం ముందు కూర్చోవచ్చు. చౌడేశ్వరికి నోట్లో నీళ్లూరాయి. నాలిక మీద ఆ చేదు అప్పుడే తగిలింది. ఆ చేదుకోసం ఏడుపొచ్చింది. చెయ్యి తనకి తెలియకుండానే అత్తగారి అరచేతి దాకా వెళ్లింది.

"వాడిక్కూడా చిటికెడు నాకిస్తాను" అంది హనుమాయమ్మ ప్రేమగా. "పాపం, ఊరుకుంటాడు."

చౌడేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది. పళ్లు బిగించి గోడవైపు తిరిగింది.

మునిసిపాలిటీ బండి వచ్చినప్పుడు దాంతో ఒక నర్సు వచ్చింది. అమలమ్మ అని, మిషను ఆసుపత్రి మనిషి, కలరా సూదులు వెయ్యడానికి పేటపేటా తిరుగుతోంది. ఆవిడ వస్తోందని తలుపులన్నీ బెత్తెడేసి తెరుచుకున్నాయి.

"వాంతిభేదేనండీ, సిస్టరుగారూ" అన్నాడు పాండురంగయ్య, ఎవరూ అడక్కముందే. ఆ గొంతులో భయంకన్నా ఊరటే ఎక్కువుంది. కలరా అంటే లోకం జాలిపడుతుంది. నల్లమందంటే నవ్వుతుంది. పెళ్లానికి రోగమొచ్చినా పరువుగల రోగమే రావాలి.

"అయితే కాలవ అవతల రోగుల పాకకి పంపాలి. బిడ్డని తీసుకెళ్లనివ్వరు" అంటూ అమలమ్మ చౌడేశ్వరి ముఖం వెలుగువైపు తిప్పింది. కళ్లు చూసింది. చేతిమీద నిక్కబొడుచుకున్న రోమాలు చూసింది. అంతలో చౌడేశ్వరికి దవడలు విరిగేట్టు ఆవలింత వచ్చింది.

"వాంతిభేదికి ఆవలింతలు రావమ్మా" అంది అమలమ్మ నెమ్మదిగా. "ఏం తింటున్నావు? ఎప్పుడు మానేశావు?"

పాండురంగయ్య భార్యవైపు చూశాడు. ఆ చూపుకి అర్థం ఆమెకి తెలుసు. కలరా అను, చాలు. అంటే తను పాకలో ఉంటుంది. వాడు ఇక్కడ ఉంటాడు, ప్రేమగల నాయనమ్మ చేతుల్లో. చిటికెడు నాకిస్తారు. ఊరుకుంటాడు. తెరుచుకున్న ప్రతి తలుపు సందులోనూ ఒక చెవి ఉంది. ఈ మాట బయటపడితే రేపు బావి దగ్గర తనకి పేరుండదు, నల్లమందు చౌడి అంటారు. చౌడేశ్వరి గోడ పట్టుకుని లేచింది. వీధిగుమ్మం దాకా నడిచి, అత్తగారి సగం చెవులకి కూడా వినిపించేట్టు చెప్పింది.

"నాకు కలరా లేదు. ఎవరూ భయపడొద్దు. నాకు నల్లమందు అలవాటైంది. పురిట్లో అత్తయ్య పెట్టింది, తర్వాత మా ఆయన తెచ్చాడు, నేను తిన్నాను. నొప్పి తెలియకుండా పని చేస్తానని. నా పాలల్లోంచి అది నా కొడుక్కి పోతోంది. అందుకే వాడు ఏడ్చేవాడు కాదు. వాడు బుద్ధిమంతుడు కాడు, మత్తులో ఉన్నాడు. మానేశాను, అందుకే నాకీ వాంతులు. అందుకే వాడికా ఏడుపు."

మాణిక్యం తలుపు పూర్తిగా తెరిచింది. "అయితే కలరా కాదా?"

"కాదమ్మా" అంది అమలమ్మ. పాండురంగయ్య ఏదో అనబోతే చేయెత్తి ఆపి, అందరికీ వినపడేట్టు చెప్పింది. "ఇది అంటుకునేది కాదు. కానీ ఇలా ఒక్కసారి మానకూడదు. పెద్దవాళ్లే తట్టుకోలేరు, పాలు తాగే బిడ్డకి మరీ ప్రమాదం. ఆసుపత్రిలో డాక్టరమ్మ కొలిచి ఇస్తుంది, తగ్గించుకుంటూ వస్తుంది. శనగగింజంత తినేవాళ్లు పెసరగింజకి, ఆవగింజకి దిగుతారు, ఆఖరికి మానేస్తారు. తల్లీ బిడ్డా ఒకచోటే ఉండాలి. నాతో తీసుకెళ్తాను."

పిల్లాడి ఏడుపొక్కటే వినిపిస్తోంది.

హనుమాయమ్మ నర్సు దగ్గరికి వచ్చింది. "అమ్మా, పాండురంగడికి పైన ఒకడు, కింద ఒకత్తె, నాకు ఇద్దరు పోయారు. జ్వరం లేదు, ఏం లేదు. పాలు తాగి పడుకున్నారు, లేవలేదు. ఒక్కనాడూ ఏడిపించని బిడ్డలు, దేవుడికి ముద్దొచ్చి తీసుకెళ్లాడన్నారు. అప్పుడు నేనూ తినేదాన్ని. అదీ ఇదేనా?"

వినపడనివాళ్లు గట్టిగా మాట్లాడతారు. ఆ ప్రశ్న వీధి చివరిదాకా వెళ్లింది. అమలమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

చౌడేశ్వరి బండెక్కింది. పిల్లాణ్ణి అందుకోవడానికి చేతుల్లో బలం లేదు. "అత్తయ్యా, మీరూ ఎక్కండి. వాణ్ణి పట్టుకోవాలి" అంది.

"మరి ఇంట్లో వంటెవరు చేస్తారు? కండెలెవరు చుడతారు?" అన్నాడు పాండురంగయ్య. ఆ వీధిలో మొదటిసారి మగాడి మాట ఎవరికీ వినపడలేదు.

బండి కదిలింది. హనుమాయమ్మ ఒళ్లో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆవిడ చెయ్యి అలవాటుకొద్దీ నల్లమందు ఉన్న కొంగుముడి మీదికి వెళ్లింది. చౌడేశ్వరి ఆ చేతిని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఏడవనివ్వండత్తయ్యా" అంది.